కీబోర్డు మీద ఏడు నూకలు

1998 జూన్ మొదటి వారంలో నన్ను కంపోజింగ్ విభాగానికి వేశారు. అప్పటికి విజయవాడలో ఒక దినపత్రిక ముద్రణాలయంలో నాది పన్నెండేళ్ల సర్వీసు. పత్రిక పేరు ఇక్కడ అవసరం లేదు, అది ఇప్పుడు రావడం లేదు. నా హోదా టెక్నికల్ అసిస్టెంట్, గ్రేడ్ టూ. అంటే యంత్రం చెడిపోతే పిలుపు గ్రేడ్ టూకి వస్తుంది, బాగుపడితే పేరు గ్రేడ్ వన్‌కి వస్తుంది. మా దగ్గర గ్రేడ్ వన్ పోస్టు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది కాబట్టి పేరు ఎవరికీ వచ్చేది కాదు.

నా చదువు ఐటీఐ ఎలక్ట్రీషియన్. మిగిలినదంతా గ్రంథాలయాల్లో చదువుకున్నదే. చల్లపల్లిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న శాఖా గ్రంథాలయంలో సైన్సు బీరువా ఒకటే ఉండేది. ఆ బీరువా పూర్తిచేశాకే ఊరు దాటి విజయవాడ వచ్చానని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. దశాంశ వర్గీకరణలో ఎలక్ట్రానిక్స్ పుస్తకాల అంకె 621.38 అని అడగనివాళ్లకి కూడా చెప్పేవాణ్ణి. పెళ్లిచూపుల్లో కూడా చెప్పానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అందుకని మా సెక్షన్ ఇన్‌ఛార్జి కోటేశ్వరరావు గారు నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. ఆయనకు నేను 'గ్రంథాలయం గారు'.

కంపోజింగ్ విభాగం పని, విలేఖరులు చేత్తో రాసిచ్చిన వార్తను అచ్చు అక్షరాల్లోకి మార్చడం. 1986 నుంచి మా దగ్గర ఆ పని ఫొటో కంపోజింగ్ యంత్రాలు చేసేవి. ఆపరేటరు కీబోర్డు మీద కొడుతుంటే యంత్రం వెలుతురుతో ఆ అక్షరాలను ఫిల్ము కాగితం మీద అచ్చు వేస్తుంది. ఆ కాగితం పట్టీలను కత్తిరించి పేజీ మీద జిగురుతో అతికిస్తారు. మిగతా పత్రికలన్నీ ఎప్పుడో కంప్యూటర్లకు మారిపోయాయి. మేం దేనిలోనైనా కొన్నేళ్లు వెనకే ఉండేవాళ్లం కాబట్టి ఆ ఏడాదికి మారాం. ఆరు కంప్యూటర్లు దిగాయి. వాటితోపాటు ఒక సర్క్యులర్ కూడా వచ్చింది.

సర్క్యులర్ సారాంశం ఇది. దసరా వెళ్లిన సోమవారం ఆపరేటర్లందరికీ కొత్త కంప్యూటర్ల మీద పరీక్ష. గంటలో ఎనిమిది పేజీల చేతిరాత కొట్టాలి. అక్షర దోషాలు పదికి మించకూడదు. నెగ్గినవారు విభాగంలో ఉంటారు, నెగ్గనివారు డిస్పాచ్‌కి వెళతారు. డిస్పాచ్ అంటే అచ్చయిన పేపర్లను ఊళ్లవారీగా కట్టలు కట్టి బస్సులకూ జీపులకూ ఎక్కించే చోటు.

ఆపరేటర్లలో కుర్రవాళ్లు నెల తిరక్కుండానే కొత్త కీబోర్డుకు అలవాటు పడ్డారు. పడలేనిది ఒక్కరే. ఆవిడే మొన్నటిదాకా అందరికన్నా వేగంగా కొట్టిన మనిషి. పేరు జైబున్నీసా గారు, సీనియర్ ఆపరేటర్. ఇల్లు వన్‌టౌన్‌లో. 1986లో ఆ విభాగంలో చేరిన మొదటి మహిళ ఆవిడే. ముందున్న చేతిరాత కాపీ మీంచి చూపు తిప్పకుండా, వేళ్ల వైపు ఒక్కసారి కూడా చూడకుండా కొట్టేవారు. అలాంటి మనిషి కొత్త కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ గంటకు మూడు పేజీల దగ్గర ఆగిపోయారు. పాత యంత్రం కీబోర్డు మీద తెలుగు అక్షరాలు ఒక వరసలో ఉంటే కొత్తదాని మీద వేరే వరసలో ఉన్నాయి. పన్నెండేళ్లు ఒక దారిన నడిచిన వేళ్లు ఇంకో దారి పట్టనన్నాయి.

జులైలో ఒకరోజు ఆవిడ మా మెయింటెనెన్స్ గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు.

"గ్రంథాలయం గారూ, ఒక మాట అడగొచ్చాండీ? నా పాత కీబోర్డు పీకి ఆ కొత్తదానికి తగిలించడం అవుతుందా?"

"ఎందుకవదండీ" అన్నాను.

"అవుతుందంటే అవుతుందని చెప్పండి. కాకపోతే కాదని చెప్పండి. ఊరికే ఆశ పెట్టొద్దు. పన్నెండేళ్లు అక్షరాలు పేర్చిన చేత్తో కట్టలు కట్టమంటే నావల్ల కాదు, నేను మానేసి ఇంట్లో కూర్చుంటా."

"రెండు రోజుల పనండీ" అన్నాను. నా ఇరవై మూడేళ్ల సర్వీసులో ఇంతకన్నా తేలిగ్గా నోరు జారిన సందర్భం ఇంకొకటి గుర్తులేదు.

నా ధైర్యానికి కారణం ఒక పుస్తకం. అందులో పాత కీబోర్డు ప్లగ్గు బొమ్మ ఉంది. గుండ్రటి ప్లగ్గు, అయిదు పిన్నులు. వాటిలో పనిచేసేవి నాలుగే. ఒకటి కరెంటుకి, ఒకటి ఎర్త్‌కి, ఒకటి అక్షరం సంకేతానికి, ఒకటి ఆ సంకేతం లయ తప్పకుండా తాళం వేసే గడియారానికి. కొత్త కంప్యూటర్ల ప్లగ్గు చిన్నది, ఆరు పిన్నులు. దాంట్లోనూ పనిచేసేవి ఆ నాలుగే. ప్లగ్గు ఆకారం మారిందిగానీ లోపల తీగలు అవే అని తేల్చేశాను. పుస్తకంలో ఆ బొమ్మ తర్వాత పేజీ ఎవరో చింపుకుపోయారు. ముఖ్యమైనదంతా బొమ్మలోనే ఉంది, చిరిగిన దాంట్లో ఏముంటుందిలే అనుకున్నాను. అంత పనికిరాని పేజీ అయితే ఎవరైనా ఎందుకు చింపుకుపోతారన్న ఆలోచన రాలేదు.

బీసెంట్ రోడ్డులో ఒక విడిభాగాల కొట్లో పెద్ద ప్లగ్గును చిన్న ప్లగ్గుగా మార్చే ముక్క దొరికింది. మర్నాడు విభాగమంతా చుట్టూ చేరగా తగిలించాను. నేను ఎవరినీ పిలవలేదు. ముందురోజు అందరికీ చెప్పానంతే. కంప్యూటరు వేయగానే తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. కీబోర్డు కనబడటం లేదు, ముందుకు సాగాలంటే ఎఫ్-వన్ కీ నొక్కండి అని దాని అర్థం.

కోటేశ్వరరావు గారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. "కీబోర్డు లేదంట. అయినా కీ నొక్కమంటంది. దేంతో నొక్కాలండీ గ్రంథాలయం గారూ?"

జైబున్నీసా గారు నవ్వలేదు. పాత కీబోర్డు చుట్టూ వైరు చుట్టి, తీసుకెళ్లి తన బల్ల కింద పెట్టుకున్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఇది రెండు రోజుల పని కాదని.

తెలిసిన పాలిటెక్నిక్ లెక్చరర్ ఒకాయన తన ల్యాబ్‌లో ఆసిలోస్కోపు వాడుకోనిచ్చారు. తీగలో వచ్చిపోయే సంకేతాన్ని గీతగా చూపించే పరికరం అది. రెండు కీబోర్డుల గీతలూ పక్కపక్కన పెట్టి చూస్తే చిరిగిన పేజీలో ఏముందో అర్థమైంది. తీగలు అవే, భాష వేరు. పాత కీబోర్డు ఒక కీ నొక్కితే ఒక అంకె పంపుతుంది, వదిలితే అదే అంకెకు నూట ఇరవై ఎనిమిది కలిపి ఇంకోటి పంపుతుంది. అంతటితో దాని పని అయిపోయింది. కొత్త కంప్యూటరు అలా కాదు. లేవగానే తనే కీబోర్డును పలకరిస్తుంది. ఉన్నావా, బాగున్నావా అని అడుగుతుంది. జవాబు వస్తేనే ఉన్నట్టు లెక్క. మా పాతదానికి చెప్పడమే వచ్చుగానీ వినడం రాదు.

ఈ సంగతి కోటేశ్వరరావు గారికి ఇరవై నిమిషాలు బొమ్మలు గీసి వివరించాను. ఆయన ఓపిగ్గా విని, "అయితే మీరూ అదీ ఒకే మోడలన్న మాట" అన్నారు. ఆ మాట నేనప్పుడు పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది.

చేయాల్సింది మధ్యవర్తి పెట్టె. పాత కీబోర్డు చెప్పింది వినాలి, దాన్ని కొత్త భాషలోకి మార్చి కంప్యూటరుకు చెప్పాలి, కంప్యూటరు పలకరిస్తే కీబోర్డు బదులు తనే జవాబు చెప్పాలి. ఇరవై కాళ్ల మైక్రోకంట్రోలర్ చిప్ ఒకటి హైదరాబాదు నుంచి తెప్పించాను. అది అగ్గిపెట్టెలో పట్టే కంప్యూటరు లాంటిది. దానికి అర్థమయ్యే భాషలో ప్రోగ్రామ్ రాసి లోపలికి ఎక్కించాలి. ఎక్కించడాన్ని బర్న్ చేయడం అంటారు. ఆ పేరు విని మా ఆవిడ నాలుగు రోజులపాటు వంటింట్లో వాసన చూసింది.

ప్రోగ్రామ్‌కన్నా పెద్ద పని పట్టిక. పాత కీబోర్డు మీద నూట పన్నెండు కీలు. ఏ కీ నొక్కితే ఏ అక్షరం పడాలో, దానికి కొత్త కంప్యూటరులో ఏ కీ సమానమో ఒక్కొక్కటే రాసుకోవాలి. కీల మీద అక్షరాలు అరిగిపోయి చాలాకాలమైంది. ఆగస్టులో రెండు వారాలు భోజనాల విరామంలో జైబున్నీసా గారు నా ఎదురుగా కూర్చుని చెప్పేవారు. ఇది గుడి, ఇది కొమ్ము, ఇది ఏత్వం, ఇది క్రావడి. అక్షరం ముందు కొట్టి గుణింతం గుర్తు తర్వాత కొట్టే పద్ధతి రెండింటిలోనూ ఒకటే కావడం నా అదృష్టం.

వేలు పెట్టి చూపించి ఇది ఏ కీ అని అడిగితే ఆవిడ చెప్పలేకపోయేవారు. "ఉండండుండండి, అలా అడిగితే తెలీదు" అని కళ్లు మూసుకుని గాల్లో ఒక మాట కొట్టి, వేలు ఎక్కడ ఆగిందో చూసి చెప్పేవారు. 'ఘ' ఎక్కడుందో చెప్పడానికి 'సంఘం' అని గాల్లో కొట్టారు. ఇది నాకు చాలా వింతగా తోచి, నా నోటుబుక్కులో ప్రత్యేకంగా రాసుకున్నాను. రాసుకున్నానంతే, దాని అర్థమేమిటని ఆలోచించలేదు.

'ఝ' దగ్గరికొచ్చేసరికి ఆవిడ నవ్వారు. "ఇది ఎప్పుడో గానీ రాదులెండి. తర్వాత చూద్దాం." ఆ గడి ఖాళీగా వదిలాను. ఖాళీ గడి చూడ్డానికి బాగాలేదని, పైగడిలోని 'ఘ' కోడే అందులోనూ వేశాను. తర్వాత చూడలేదు.

ఆ రోజుల్లోనే ఇంకొకటి కూడా గమనించాను. కొన్ని కీల మీద గట్టిపడిన తెల్లటి పొక్కుల్లాంటివి ఉన్నాయి. దగ్గరగా చూస్తే అన్నం మెతుకులు. ఎండి, అతుక్కుపోయి ఉన్నాయి. ఆవిడ పని ఒత్తిడిలో కీబోర్డు దగ్గరే అన్నం తినేవారు కాబోలు అనుకున్నాను. అడగలేదు. ఒక సీనియర్ ఆపరేటర్‌ను, అందులోనూ ఆడమనిషిని, మీ కీబోర్డు మీద మెతుకులున్నాయేమండీ అని ఎలా అడుగుతాం? మొహమాటపడ్డాను. నన్ను నేను మర్యాదస్తుణ్ణి అనుకున్నాను కూడా.

సెప్టెంబరు మొదటి వారానికి పెట్టె తయారైంది. టిఫిను బాక్సంత రేకు డబ్బా, రెండువైపులా వైర్లు. మొదటిసారి తగిలించినప్పుడు కీ వదిలినప్పుడు వచ్చే అంకెను ప్రోగ్రామ్‌లో మరిచిపోయాను. దాంతో షిఫ్టు ఒకసారి నొక్కితే నొక్కినట్టే ఉండిపోయి, ముఖ్యమంత్రి పర్యటన వార్త మొత్తం ఒత్తులతోనే పడింది. అది సరిచేసి మళ్లీ బర్న్ చేసి తగిలించాను. కంప్యూటరు లేచింది. పలకరించింది. నా డబ్బా జవాబు చెప్పింది. జైబున్నీసా గారు కూర్చుని ఒక పేరా కొట్టారు, తెర వైపు చూడకుండా. కొట్టడం అయ్యాక చూశారు.

"పడిందండీ" అన్నారు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని రెండో పేరా మొదలుపెట్టారు. పండగ ముందు వారానికి గంటకు ఎనిమిది పేజీలకు కాస్త అటూ ఇటూగా వచ్చేశారు.

అక్కడితో ఆగి ఉండాల్సింది.

ముద్రణాలయాల్లో ఆయుధపూజ పెద్ద పండగ. పేపరు అచ్చువేసే రోటరీ యంత్రం మొదలుకొని అతికింపు బల్ల మీది కత్తెర వరకు అన్నిటినీ కడిగి, తుడిచి, పసుపు రాసి బొట్టు పెడతారు. గుమ్మడికాయ కొడతారు. పూలు ఏటా జైబున్నీసా గారే తెచ్చేవారు, పూలమార్కెట్టు వాళ్ల వీధి చివరే. ఆవిడ కీబోర్డుకు ఎవరైనా బొట్టు పెట్టబోతే మాత్రం, "పక్కన పెట్టండి, కీల మీద వద్దు. పొడి లోపల పడితే నాకు 'క' పడదు" అని నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టేవారు. ఆ ఏడాది నేను తయారుచేసిన డబ్బాకు మొదటి పూజ. దాని పక్కన కూర్చునే కీబోర్డు పన్నెండేళ్ల జిడ్డుతో ఉండటం నాకు నచ్చలేదు.

పూజ ముందురోజు మధ్యాహ్నం ఆవిడ షిఫ్టు దిగి వెళ్లాక కీబోర్డును మా గదికి తెచ్చాను. పద్ధతి ప్రకారమే చేశాను. గ్రాఫ్ కాగితం మీద నూట పన్నెండు కీల పటం గీసి, ఒక్కొక్క కీ పీకి, నంబరు వేసిన కాగితం మీద వరసగా పెట్టాను. సబ్బునీళ్లలో నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో తోమాను. మెతుకులు బ్రష్షుకు ఊడలేదు. బ్లేడుతో గోకాను. ఆరబెట్టి, పటం చూసి, ఏ కీని ఆ చోటే పెట్టాను. ఒక్కటి కూడా మారలేదు. ఆ పటాన్ని భద్రంగా ఫైలులో పెట్టాను, పైవాళ్లెవరైనా అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు.

బుధవారం పూజ, గురువారం పండగ సెలవు. శుక్రవారం జైబున్నీసా గారు వచ్చి కూర్చున్నారు.

"ఏంటండీ, కీబోర్డు నున్నగా ఉంది?"

"థాంక్సండీ" అన్నాను.

ఆ గంటలో ఆవిడ నాలుగు పేజీలు కూడా కొట్టలేకపోయారు. కొట్టినవాటిలో సగం తప్పులు. పక్క కీ పడుతోంది, పై వరస కీ పడుతోంది. రెండో గంట ఇంకా అన్యాయం. కోటేశ్వరరావు గారు వెనక నిలబడి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆయన ఏమీ అనకపోవడం మంచి లక్షణం కాదు.

తప్పు నా డబ్బాలో ఉందని నిశ్చయించుకున్నాను. నా పని మీద నాకున్న గౌరవం అలాంటిది. మంచి జరిగినా చెడు జరిగినా అందుకు కారణం నా డబ్బానే అయి ఉండాలి. శుక్రవారం మధ్యాహ్నమంతా ఆసిలోస్కోపు దగ్గర గడిపాను. శనివారం ఉదయం కొత్త చిప్‌లో మళ్లీ బర్న్ చేశాను. జైబున్నీసా గారు రెండుసార్లు చెప్పారు.

"మీ డబ్బా బాగానే ఉందండీ. నేను ఏది నొక్కితే అదే పడుతోంది. నా వేళ్లే వేరేచోటికి పోతున్నాయి."

"అలా ఉండదండీ" అని ఆవిడకు ధైర్యం చెప్పాను. "టైమింగ్‌లో తేడా ఉండొచ్చు."

శనివారం మధ్యాహ్నం ఆవిడ చేతులు బల్ల మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "పోనీండి. సోమవారం రాను. డిస్పాచ్ కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోతా. మీరు చేయాల్సింది చేశారు."

ఏదో ఒకటి చెప్పాలి గనక, నేను చేసింది చెప్పుకొచ్చాను. ఎంత శ్రద్ధగా కడిగానో, పటం ఎలా గీశానో చెప్పి, "మీరేమీ అనుకోకపోతే, ఆ మెతుకులు కూడా బ్లేడుతో గోకేశానండీ" అన్నాను.

"మెతుకులేంటి?"

"కీల మీద అతుక్కున్నవి. పని తొందరలో ఎవరికైనా పడతాయిలెండి."

ఆవిడ ఒక క్షణం నా వైపు చూశారు. తర్వాత రెండు చేతుల వేళ్లతో కీబోర్డు మొత్తం తడిమారు, ఇంట్లో దీపం ఆరిపోతే గోడ తడిమినట్టు.

"అవి మెతుకులు కావండీ. నూకలు."

ఉద్యోగంలో చేరిన కొత్తలో, కాపీ మీంచి చూపు తిప్పకుండా కొట్టడం నేర్చుకునేటప్పుడు, వేళ్లకు ఆనవాలు ఉండాలని కొన్ని కీల మీద బియ్యపు నూకలు జిగురుతో అంటించుకున్నారు. వేలు నూక మీద పడితే అక్కణ్ణుంచి ఎటు వెళ్లాలో తెలుస్తుంది. అతికింపు బల్ల మీద జిగురు ఉంది, ఇంట్లో నూకలు ఉన్నాయి. అంతే. కొన్నాళ్లకు అవి ఉన్నాయన్న సంగతి ఆవిడే మరిచిపోయారు. వేళ్లు మరిచిపోలేదు.

"నన్ను ఒక్క మాట అడగకపోయారా?" అన్నారు.

"మీరు బాధపడతారేమోనని..."

"ఇప్పుడు బాగానే ఉందాండీ?"

దీనికి జవాబు 621.38లో లేదు.

మళ్లీ అంటిద్దామంటే ఏ కీల మీదో ఆవిడకు గుర్తులేదు. ఎన్నో కూడా తెలియదు. కళ్లు మూసుకుని గాల్లో కొట్టి చూశారు. నూకలు లేని కీబోర్డు మీద రెండు రోజులు కష్టపడి వేళ్లు అప్పటికే తికమకలో ఉన్నాయి, ఒక్కోసారి ఒక్కోచోట ఆగాయి. నా పటంలో కీల వరస ఉందిగానీ మెతుకుల వరస లేదు. మురికిని ఎవరు పటంలో గీస్తారు?

ఊరికే కూర్చోలేక నాకు తెలిసినది మాట్లాడటం మొదలుపెట్టాను. ఎంత తోమినా ఈ కీలు పసుపుపచ్చగానే ఎందుకున్నాయో చెప్పాను. ఈ రకం ప్లాస్టిక్‌లో మంట అంటుకోకుండా ఒక రసాయనం కలుపుతారని, ఏళ్ల తరబడి వెలుతురు తగిలితే అది పసుపెక్కుతుందని, అది మురికి కాదు కాబట్టి సబ్బుకు పోదని ఒక పత్రికలో చదివింది చదివినట్టు అప్పజెప్పాను.

ఆవిడ మధ్యలో ఆపారు. "వెలుతురు తగిలితేనేనా?"

"తగిలితేనే."

"తగలని చోట?"

"తగలని చోట తెల్లగానే ఉంటుంది" అన్నాను, మంచి ప్రశ్న అడిగిన విద్యార్థిని మెచ్చుకున్నట్టుగా.

అప్పటికే ఆవిడ కీబోర్డు ఎత్తి కిటికీ దగ్గరికి నడిచారు. వంచి, ఎండ పక్కనుంచి పడేలా పట్టుకున్నారు. పసుపెక్కిన కీల మీద అక్కడక్కడా చిన్న చిన్న తెల్లటి చుక్కలు. పన్నెండేళ్లు నూకా జిగురూ కప్పి ఉంచిన మేర పాత తెలుపు అలాగే ఉంది. ఆవిడ వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు. ఏడు. ఆ ప్లాస్టిక్ సంగతి చదివింది నేను, పనికొచ్చేలా అర్థం చేసుకున్నది ఆవిడ.

ఆదివారం సెలవైనా ఇద్దరం వచ్చాం. ఆవిడ కాగితం పొట్లంలో నూకలు తెచ్చారు. నేను వెర్నియర్ కాలిపర్, అంటే మిల్లీమీటరులో పదో వంతు కొలిచే సాధనం తెచ్చాను. చుక్క మధ్యబిందువు కొలిచి సరిగ్గా అక్కడ పెడదామన్నాను. "మీరు కాస్త జరగండి" అన్నారు ఆవిడ. ఒక్కో నూకనూ జిగురులో ముంచి, పెట్టి, వేలితో తాకి, కాస్త ఎడమకో కుడికో జరిపి ఏడూ అంటించారు. ఆరేదాకా అటు తిరిగి కూర్చున్నారు. ఆరాక ఒక పేజీ కొట్టి, గడియారం చూసుకుని, పొట్లం మడిచి సంచీలో పెట్టుకున్నారు.

సోమవారం పరీక్షకు సంపాదకవర్గం వాళ్లు పాత తుఫాను మీద ఒక పెద్ద వ్యాసం ఇచ్చారు. జైబున్నీసా గారు ఎనిమిదో పేజీ ఆఖరి వాక్యం కొట్టేసరికి గంటకు ఇంకా రెండు నిమిషాలుంది. ప్రూఫులు దిద్దేవాళ్లు తప్పులు లెక్కపెట్టారు. తొమ్మిది. నెగ్గారు.

ఆ తొమ్మిదిలో నాలుగు నావి. వ్యాసం రాసినాయన భాషాప్రియుడు. తుఫాను అంటే సరిపోయేచోట రెండుసార్లు ఝంఝామారుతం అని రాశారు. ఆవిడ సరైన కీనే నొక్కారు. నా పట్టికలో 'ఝ' గడిలో 'ఘ' ఉండటం వల్ల రెండుచోట్లా 'ఘంఘామారుతం' పడింది. అక్షరానికి ఒక తప్పు చొప్పున నాలుగు.

కోటేశ్వరరావు గారు ఆ ప్రూఫు పట్టుకుని మా గదికి వచ్చారు. "ఇంకొక్క గాలివాన గనక వచ్చుంటే ఆవిడ డిస్పాచ్‌కి పోయేది. ఆవిడ వెనకే నేను మిమ్మల్ని పంపించేవాణ్ణి. కట్టలన్నా సరిగ్గా కట్టేవారో లేదో." కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లారు. ఆ సాయంత్రమే 'ఝ' సరిచేసి మళ్లీ బర్న్ చేశాను.

2004లో మళ్లీ కంప్యూటర్లు మారాయి. వాటి వెనక కీబోర్డు తగిలించే ఆ చిన్న గుండ్రటి రంధ్రం కూడా పోయి, యూఎస్‌బీ అనే పలకటి చీలిక వచ్చింది. ఈసారి నేను రెండు నెలలు ముందే చదివి సిద్ధమయ్యాను, కొత్త పెట్టెకు నమూనా కూడా గీశాను. అప్పటికి బజారులో తయారుగా దొరుకుతున్న మార్పిడి వైరు ఒకటి తెచ్చి, మాటవరసకి నా పాత డబ్బా తోకకు తగిలించి చూస్తే మొదటిసారికే పనిచేసింది. కొంచెం నిరాశపడ్డాను. జైబున్నీసా గారు మాత్రం కూర్చునే ముందు చేత్తో కీలు తడిమి చూసుకున్నారు.

ఆవిడ 2006లో రిటైరయ్యారు. రిటైరయ్యేవారి దగ్గర ఉన్న సామాను స్టోరుకు అప్పగించేటప్పుడు రిజిస్టరులో ఒక్కొక్క వస్తువూ రాసి టెక్నికల్ అసిస్టెంట్ సంతకం పెట్టాలి. నేను రాసింది ఇది: కీబోర్డు ఒకటి, కన్వర్టర్ పెట్టె ఒకటి, నూకలు ఏడు, తీయరాదు. స్టోర్ కీపర్ నూకలు స్టాకు వస్తువు కాదని అభ్యంతరం పెట్టాడు. జైబున్నీసా గారు కలం తీసుకుని, నా సంతకం కింద తనూ సంతకం పెట్టారు.

నేను 2009లో రిటైరయ్యాను. ఆ ఉదంతం తర్వాత నా పనిలో ఒక్కటే మారింది. ఏ పరికరాన్ని శుభ్రం చేసినా, దానిమీద ఉన్నది మురికేనా అని వాడేవారిని ముందు అడిగి, వాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా మాట్లాడకుండా ఉండేవాణ్ణి. ఈ నియమం నేను చదివిన ఏ పుస్తకంలోనూ కనబడలేదు. చిరిగిన పేజీల సంగతి చెప్పలేను.